ఉపాధ్యాయ వృత్తికి దారులు: రైతు కుటుంబము సొమ్ము సమకూర్చుకొను విధము

ఎరువుల కొరకో, పంట అప్పు కొరకో సంఘమునకు వచ్చిన సభ్యులు పని ముగిసిన పిమ్మట, "మా అమ్మాయి ఇంటర్మీడియటు ముగించినది. ఉపాధ్యాయురాలిని చేయవలెనని యున్నది. ఏమి చదివింపవలెను? ఎంత సొమ్ము కావలెను?" అని యడుగుచుండుట కలదు. కోరిక మంచిదే. కాని నేల గుణము చూడక, అదను తెలియక విత్తినచో ఎంత మేలైన విత్తనమైనను చేతికి రాదు. చదువు విషయమును అట్టిదే. తగని శిక్షణకు సొమ్ము పోసి, పిమ్మట ఉద్యోగమునకు అర్హత లేదని తెలిసికొని చింతించువారు మన పల్లెలలో కలరు. అందుచేత ఈ విషయమును వరుసగా వివరించుచున్నాము.

మొదట తేల్చుకొనవలసినది

ఉపాధ్యాయులందరు ఒకే కోవకు చెందినవారు కారు. 1వ తరగతి మొదలు 5వ తరగతి వరకు బోధించువారిని సెకండరీ గ్రేడు టీచర్లందురు. పై తరగతులలో గణితము, సాంఘికము మున్నగు విషయములను వేర్వేరుగా బోధించువారు స్కూలు అసిస్టెంట్లు. మొదటివారికి డీఈఎల్‌ఈడీ యను శిక్షణయు, రెండవవారికి బీఈడీ యను శిక్షణయు విధింపబడినవి.

"బీఈడీ పెద్ద చదువు గదా! పెద్ద తరగతులకు చెప్పగలవాడు చిన్న తరగతులకు చెప్పలేడా?" అని యనుకొనువారు ఇప్పటికిని పెక్కుమంది కలరు. ఇట్లనుకొనుటకు కొంత కారణము లేకపోలేదు. 2018 జూన్ నెలలో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీఈడీ వారిని ప్రాథమిక తరగతులకును అనుమతించినది. కాని 2023 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పు చెప్పినది. పసిబిడ్డలకు అక్షరములు, అంకెలు నేర్పుట ప్రత్యేకమైన నేర్పు; బీఈడీ శిక్షణ దాని కొరకు ఏర్పడినది కాదు; ప్రాథమిక విద్య యనగా మంచి విద్య యని యర్థము; ఇదియే ఆ తీర్పు సారాంశము. కావున నేడు బీఈడీ మాత్రమే చదివినవారు సెకండరీ గ్రేడు ఉద్యోగమునకు అర్హులు కారు. చేరుటకు ముందే బిడ్డ ఏ తరగతులకు చెప్పగోరుచున్నదో యింటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనవలెను.

మూడు దారులు

(1) డీఈఎల్‌ఈడీ. ఇంటర్మీడియటు తరువాత రెండు సంవత్సరముల శిక్షణ. ఇంటర్మీడియటులో నూటికి 50 మార్కులు కావలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 45 చాలును. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను డీసెట్ అను ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అనగా డైట్లు, ఈ శిక్షణ నిచ్చు ప్రభుత్వ సంస్థలు. ప్రయివేటు కళాశాలలతో పోల్చినచో డైట్లలో రుసుము మిక్కిలి స్వల్పము. త్వరగా ముగియునది, తక్కువ వ్యయముతో అగునది ఈ దారియే.

(2) బీఈడీ. డిగ్రీ తరువాత రెండు సంవత్సరములు. పూర్వము ఒక్క సంవత్సరమే యుండెడిది. 2014 నిబంధనల వలన రెండైనది. ఎడ్‌సెట్ అను పరీక్ష ద్వారా ప్రవేశము. ఇందొక సూక్ష్మము కలదు. గణితపు స్కూలు అసిస్టెంటు కాగోరువారు డిగ్రీలోను గణితము చదివి యుండవలెను, బీఈడీలోను గణిత బోధన పద్ధతిని తీసికొనవలెను. కావున ఈ దారి బీఈడీతో గాక, డిగ్రీలో విషయములు ఎన్నుకొనుటతోనే మొదలగుచున్నది.

(3) నాలుగేండ్ల సమీకృత కోర్సు. ఇది క్రొత్తది. ఇంటర్మీడియటు తరువాత డిగ్రీని, ఉపాధ్యాయ శిక్షణను కలిపి నాలుగు సంవత్సరములలో ముగింతురు. వేర్వేరుగా చదివినచో ఐదేండ్లు పట్టును. ఒక సంవత్సరపు కాలమును, వ్యయమును మిగులును. 2023-24లో ఇది ప్రారంభమైనది. దీనికి ఎన్‌సెట్ అను జాతీయ పరీక్ష కలదు. వరంగల్లు ఎన్.ఐ.టి.లో ఈ కోర్సు కలదు. 2020 నాటి జాతీయ విద్యా విధానము 2030 నాటికి ఈ నాలుగేండ్ల శిక్షణనే ఉపాధ్యాయులకు కనీసార్హతగా చేయదలచినది. ఇప్పుడు పదవ తరగతిలో పిల్లలు గలవారు ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను.

కళాశాలను ఎన్నుకొనుట

కళాశాలలో చేరుటకు పూర్వము రెండు ప్రశ్నలు వేయవలెను. ఆ కళాశాలకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు కలదా? సీటు కన్వీనరు ద్వారా వచ్చినదా, యాజమాన్యము ద్వారా వచ్చినదా? గుర్తింపు లేనిచో పట్టా పనికిరాదు. యాజమాన్యపు సీటైనచో రుసుము హెచ్చు, ప్రభుత్వ సహాయము రాదు.

"తరగతులకు రానక్కరలేదు, పరీక్షకు వచ్చిన చాలును" అని చెప్పు దళారులు కొందరు గ్రామములకు వచ్చుచుందురు. వారి మాట నమ్మరాదు. నిబంధనల ప్రకారము పాఠములకు నూటికి 80 వంతుల హాజరును, బడిలో చేయు అభ్యాసమునకు 90 వంతుల హాజరును ఉండవలెను. ఈ బడి అభ్యాసము రెండేండ్లలో కనీసము 20 వారములు. నిజమైన పిల్లల యెదుట నిలిచి చెప్పి, తప్పులు దిద్దుకొనుటయే శిక్షణలో సారవంతమైన భాగము. దానిని వదలి పట్టా కొనువాడు, దున్నక విత్తినవాని వంటివాడు.

సొమ్ము ఎక్కడ నుండి?

మొదటిది ప్రభుత్వ సహాయము. అర్హులైన విద్యార్థుల బోధన రుసుమును రెండు రాష్ట్రములందును ప్రభుత్వము భరించు పద్ధతి కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి నిబంధనల ప్రకారము కుటుంబపు వార్షికాదాయము 2,50,000 రూపాయలు మించరాదు. భూమి మాగాణి 10 ఎకరములు గాని, మెట్ట 25 ఎకరములు గాని మించరాదు. తెలంగాణలో గ్రామములందలి వెనుకబడిన తరగతుల వారికి ఆదాయపు హద్దు 1,50,000 రూపాయలుగా నుంచబడినది. ఈ హద్దులు మారుచుండును గనుక చేరునాటి ఉత్తర్వును చూచుకొనవలెను. కన్వీనరు సీటు, క్రమమైన హాజరు ఉన్నగాని ఈ సహాయము నిలువదు. ఈ సొమ్ము ఆలస్యముగా వచ్చిన సంవత్సరములును కలవు. అట్టి వేళ కళాశాలవారు రుసుమును ముందుగా కట్టుమని యడుగవచ్చును. కట్టిన ప్రతి రూపాయికి రశీదు తీసికొనుడు.

రెండవది బ్యాంకు విద్యా ఋణము. బ్యాంకులు సాధారణముగా అనుసరించు పద్ధతిలో 4 లక్షల వరకు మన వాటా సొమ్ము చూపనక్కరలేదు. 7½ లక్షల వరకు భూమి తాకట్టు అక్కరలేదు. తండ్రి గాని తల్లి గాని బిడ్డతో కలిసి సంతకము చేయవలెను. చదువు ముగిసిన ఒక సంవత్సరము తరువాత వాయిదాలు మొదలగును. 15 ఏండ్ల వరకు తీర్చవచ్చును. వార్షికాదాయము 4½ లక్షల లోపు గల కుటుంబములకు చదువు కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వము భరించు పథకమొకటి కలదు. 2024 నవంబరులో ఆమోదింపబడిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకమున 8 లక్షల లోపు ఆదాయము వారికి 10 లక్షల అప్పు వరకు వడ్డీలో 3 శాతము తగ్గింపు కలదు; కాని అది జాతీయ ర్యాంకులలో ముందున్న సంస్థలలో చేరినవారికే. మీ కళాశాలకు ఇవి వర్తించునో లేదో బ్యాంకువారిని అడిగి వ్రాతమూలకముగా తీసికొనుట మంచిది.

మూడవది పంట అప్పు. ఇది చదువునకు తగిన సొమ్ము కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో పంట వ్యయము మీద నూటికి 10 వంతులు ఇంటి అవసరములకు లెక్క కట్టబడియున్నవి. అంతకు మించి రుసుములకు తీసినచో పైరునకు పెట్టుబడి తగ్గును. పంట తగ్గినచో అప్పు గడువున తీరదు. గడువులోగా తీర్చినచో 7 శాతపు వడ్డీలో 3 శాతము తిరిగి వచ్చును గనుక లక్ష రూపాయలకు ఏడాది వడ్డీ 4,000 మాత్రమే. గడువు దాటినచో అది 7,000 అగుటయే గాక, దాటిన దినము నుండి బ్యాంకు సాధారణ వడ్డీ పడును. మరుసటి పంటకు అప్పును చిక్కులలో పడును.

అన్నిటికంటె మేలైనది ముందుచూపు. బిడ్డ తొమ్మిదవ తరగతిలో నున్నప్పుడే, ధాన్యము గాని, ప్రత్తి గాని అమ్మిన ప్రతి పర్యాయము కొంత సొమ్మును ఆమె పేర సంఘములోనో బ్యాంకులోనో డిపాజిట్టు చేయుడు. ఇంటర్మీడియటు ముగియునాటికి నాలుగు పంటకాలముల పొదుపు చేతికందును. రుసుము ప్రభుత్వము భరించినను, అద్దె, భోజనము, బస్సు, పుస్తకముల వ్యయము మనదే గదా.

శిక్షణ ముగిసిన పిమ్మట

ఇది అందరును మరచు సంగతి. శిక్షణ పట్టాయే ఉద్యోగము కాదు. మొదట టెట్ అను అర్హత పరీక్షలో నెగ్గవలెను. 150 మార్కులకు సాధారణ వర్గమువారికి 90, వెనుకబడిన తరగతుల వారికి 75, షెడ్యూల్డు కులములు, తెగలు, దివ్యాంగులకు 60 రావలెను. ఒకసారి నెగ్గినచో ఆ అర్హత జీవితాంతముండునని 2021లో నిర్ణయింపబడినది. పిమ్మట డీఎస్సీ పరీక్ష. తుది లెక్కలో దానికి 80 వంతులు, టెట్ మార్కులకు 20 వంతులు. అందుచేత టెట్ నెగ్గినవారును మార్కులు పెంచుకొనుటకు మరల వ్రాయుట కలదు.

ఇక నియామకముల లెక్క చూడుడు. తెలంగాణలో 2017 నాటి ప్రకటన తరువాత 2024లో 11,062 ఉద్యోగములకు డీఎస్సీ జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి ప్రకటన తరువాత 2025లో 16,347 ఉద్యోగములకు జరిగినది. అనగా రెండు చోట్లను ఏడేసి సంవత్సరముల యెడము. విద్యా ఋణపు వాయిదా మాత్రము చదువు ముగిసిన ఏడాదికే తలుపు తట్టును. ఈ రెండు కాలముల నడిమి అగాధములోనే కుటుంబములు పడిపోవుచున్నవి. ఆ నడుమ ప్రయివేటు బడిలో వచ్చు స్వల్ప జీతముతో తీర్చగలిగినంత మాత్రమే అప్పు చేయుట వివేకము. "ఉద్యోగము రాగానే తీర్తుము" అను మాటపై భూమి కుదువ పెట్టరాదు.

సభ్యులకు మనవి

ప్రవేశ పరీక్షల ప్రకటన వెలువడుటకు పూర్వమే ఈ పత్రములను సిద్ధపరచుకొనుడు: పదవ తరగతి, ఇంటర్మీడియటు మార్కుల పట్టికలు, 4వ తరగతి నుండి చదివిన బడుల ధృవపత్రములు, కుల, ఆదాయ ధృవపత్రములు, ఆధారుతో జతపరచిన బిడ్డ బ్యాంకు ఖాతా. ఆదాయ పత్రము కొరకు కడపటి దినమున పరుగెత్తి సీటు పోగొట్టుకొనుట తగదు.

శిక్షణ ముగించి నియామకము కొరకు వేచియున్న యువతీయువకులు మన గ్రామములలో పలువురు కలరు. సాయంకాలము సంఘపు వసారాలో వారు మన పిల్లలకు పాఠములు చెప్పినచో, సభ్యులు తలా కొంచెము వేసికొని వారికి పారితోషికమీయవచ్చును. వారికి అభ్యాసము, మన పిల్లలకు చదువు. దారి తెలిసి, కొలతకు మించని అప్పుతో నడచినచో ఈ వృత్తి రైతు బిడ్డకు గౌరవమును, గ్రామమునకు వెలుగును తెచ్చును. బిడ్డను చేర్చుటకు ముందు సంఘ కార్యదర్శితోను, సమీపపు ప్రధానోపాధ్యాయునితోను ఒక్క పూట మాటలాడుడు. ఆ పూట వృథా కాదు.