ఖర్చయ్యేది నీరు కాదు.. ఎత్తు

జలవిద్యుత్తు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు నంద్యాల జిల్లాలో చేరువలోనే పెద్ద ప్రయోగశాల ఉంది. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, నది ఆవలి ఒడ్డున తెలంగాణ పరిధిలోని ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు నిర్మించారు. నీటిలోంచి కరెంటు పిండేస్తే పైరుకు అందే నీటిలో సత్తువ పోతుందన్న ప్రచారం ఒకప్పుడు దేశంలో సాగింది. పాఠాన్ని ఆ అపోహ నుంచే మొదలుపెట్టడం మేలు.

ముందుగా తేల్చవలసింది ఎత్తు సంగతి. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్యన, అడుగున మూడు రంధ్రాలు చేసి నీరు నింపితే అడుగు రంధ్రం నుంచి ధార మిక్కిలి వేగంగా చిమ్ముతుంది. పైనున్న నీటి బరువే అందుకు కారణం.

తర్వాత పాత ఆటబొమ్మలోని చిన్న మోటారు చాలు. ఇరుసును తిప్పితే అదే డైనమో అవుతుంది. తీగచుట్ట, అయస్కాంతాలలో ఏది కదిలినా తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నారు. ఇరుసుకు ప్లాస్టిక్ చెంచాల చక్రం బిగించి చెంబుతో నీరు పోయవచ్చు. బల్బు వెలగక పిల్లలు నీరసపడేది ఇక్కడే. బల్బుకు బదులు మల్టీమీటరు కలిపితే అంకె కదులుతుంది. మేడపై ట్యాంకు నుంచి గొట్టం దించితే ఆ అంకె పెరుగుతుంది.

పై తరగతుల వారికి లెక్క చూపవచ్చు. సెకనుకు ఒక ఘనపు మీటరు, అంటే సుమారు 35 క్యూసెక్కుల నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సిద్ధాంతరీత్యా 980 కిలోవాట్లు. ఎత్తు సగమైతే విద్యుత్తూ సగమే. నీరు మాత్రం తరగదు, టర్బైన్లను తిప్పి దిగువన నాగార్జునసాగర్‌కు చేరుతుంది.

నీరు తరగనప్పుడు రెండు రాష్ట్రాల మధ్య వివాదమెందుకని పిల్లలు అడగక మానరు. జవాబు ఈ జిల్లాలోనే ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమ కాలువలకు తగినంత నీరు మళ్లాలంటే కనీసం 854 అడుగులు ఉండాలన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. టర్బైన్లకు వదిలేకొద్దీ మట్టం పడిపోతుంది. దిగిన నీరు సాగర్ ఆయకట్టుకు పనికొస్తుంది గానీ, సీమ కాలువకు ఎక్కదు. నీటిని తిరిగి పైకి తోడగల టర్బైన్లను ఎడమగట్టున అమర్చారు. అయితే తోడటానికి పట్టే విద్యుత్తు, ఆ నీరు మళ్లీ దిగినప్పుడు పుట్టేదానికంటే ఎక్కువే.