రక్తములోని సూక్ష్మ సంకేతములు

అనంతపురము దాటి బెంగుళూరు బాటను దక్షిణముగా సాగినచో కొద్ది దూరములోనే రాప్తాడు వచ్చును. ఎఱ్ఱనేల, వేరుసెనగ చేలు, వానకై యెదురుచూపు. ఆ ప్రాంతమున ముప్పది యేండ్ల యిల్లాలొకతె చేనిలో పని చేయుచున్నదనుకొందము. మిట్టమధ్యాహ్నమగుసరికి ఆమెకు ఒక కంటిచూపు మసకబారును. కాళ్లు తిమ్మిరెక్కి తడబడును. చెట్టునీడను కొంతసేపు కూర్చుండి చన్నీళ్లతో మొగము కడుగుకొన్నచో చూపు మరల తేటపడును. ఇంటివారు ఎండదెబ్బ యందురు, నీరసమందురు. గాలి సోకినదనువారును లేకపోలేదు.

ఎండదెబ్బయే కావచ్చును. కాని యిట్లు పదేపదే జరుగుచుండినచో వైద్యులు మరియొక సంగతిని తలపునకు తెచ్చుకొందురు. దేహము వేడెక్కినపుడు చూపు తగ్గి, చల్లబడినపుడు తిరిగివచ్చుటను జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లోనే గుర్తించెను. మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధిలో ఇది కనబడుచుండును.

మీ యింటి రేడియోకు కరెంటు తెచ్చు తీగను చూడుడు. లోపల రాగి, పైన తొడుగు. మన నాడులును ఇట్టి తీగలే. వానిపై మైలిన్ అను కొవ్వుపొర చుట్టుకొనియుండును. దేహమును కాపాడవలసిన రక్షకకణములే దారితప్పి, ఈ పొరను శత్రువని తలచి పాడుచేయుటయే ఈ వ్యాధి. పొర చెడినచోట సంకేతము నెమ్మదించును. వేడి తగిలినపుడు నిలిచియే పోవచ్చును. ప్రపంచమున సుమారు 28 లక్షల మంది దీనితో బాధపడుచున్నారని 2020 నాటి లెక్క. అందు స్త్రీలు పురుషులకు రెండింతలకు పైబడియున్నారు. చలిదేశములలో ఎక్కువ, ఎండ కాయు దేశములలో తక్కువ. తక్కువ యన్నంత మాత్రమున లేదని కాదు. తక్కువ కనుకనే మనవైపు అనుమానము ఆలస్యముగా పుట్టును. ఈ యాలస్యమే మాకు తోచిన పెద్ద నష్టము, ఏలయన నేటి మందులు ముందుగా మొదలుపెట్టిననే ఎక్కువ మేలు చేయును.

రోగనిర్ణయమునకు నాడీవైద్యుడు, ఎం.ఆర్.ఐ. చిత్రములు, కొన్నివేళల వెన్నునీటి పరీక్ష కావలయును. అనంతపురము వైపు వారు ఇందుకై బెంగుళూరు నిమ్హాన్స్‌కో, వెల్లూరికో పోవుట కద్దు. దారిఖర్చులు, పోయిన కూలి, తోడు వచ్చువారి తిండి, ఇవన్నియు పరీక్ష రుసుముపై అదనము. ఇంత యేల, ఒక్క చుక్క నెత్తురు చూచి చెప్పరాదా యని యెవరైన నడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానమును శాస్త్రజ్ఞులు మైక్రో ఆర్.ఎన్.ఏ.లలో వెదకుచున్నారు.

కణములోని జన్యువులనుండి ఉత్తరువులు ఆర్.ఎన్.ఏ. రూపమున వెలువడును, వానిని చదివి కణము ప్రోటీనులను తయారుచేసికొనును. మైక్రో ఆర్.ఎన్.ఏ. ప్రోటీనును తయారుచేయదు. సుమారు 22 అక్షరముల పొడవే గల యీ తునుక, తనకు జత కుదిరిన ఉత్తరువుపై వ్రాలి దానిని అణచును. చెరువు తూముకడ నుండు కావలివాడు నీటిని పుట్టింపడు. ఏ మడికి ఎంత విడువవలెనో చూచును. ఇదియు నట్లే. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు మిల్లీమీటరు పొడవు గల యొక పురుగులో దీని సంగతి కనిపెట్టి 1993లో ప్రకటించిరి. పురుగులోని వింతయని లోకము పట్టించుకొనలేదు. అట్టిదే మరియొకటి మనుష్యులయందును కలదని 2000లో తేలెను. 2024లో ఆ యిరువురకు నోబెల్ బహుమానము లభించెను.

సామాన్యముగా ఆర్.ఎన్.ఏ. నెత్తుటిలో పడినచో క్షణములలో నశించును. ఈ తునుకలు మాత్రము చిన్న కొవ్వుసంచులలో ఒదిగియో, ప్రోటీనులను అంటియో నిలిచి తిరుగుచుండునని 2008 ప్రాంతమున నిరూపితమయ్యెను. రేడియో కేంద్రములకు మీటర్ల సంఖ్యలవలె వీనికిని సంఖ్యలే పేర్లు. 326 సంఖ్య గలది వ్యాధి తిరుగబెట్టిన వేళ రక్షకకణములలో హెచ్చుచున్నదని 2009లో చీనా పరిశోధకులు చూపిరి. 155 సంఖ్య గలది వాపును రెచ్చగొట్టును. అది లేని ఎలుకలకు ఇట్టి జబ్బు కలిగించినపుడు స్వల్పముగా వచ్చినది. 219 సంఖ్య గలది మైలిన్ అల్లు కణములు ఎదుగుటకు తోడ్పడును.

మరి పరీక్ష యేల రాలేదు? ఒక ప్రయోగశాల జాబితా మరియొకదానితో సరిపోవుట లేదు. 155 ఇతర వాపు వ్యాధులలోను పెరుగును. రోగి వాడు మందులును లెక్కను మార్చును. వీనికంటె మోటైన చిక్కొకటి కలదు. ఎఱ్ఱకణములలో తమవైన మైక్రో ఆర్.ఎన్.ఏ.లు మెండు. గొట్టములోని రక్తము కుదుపులకో, తీసిన తీరుకో చెడి ఆ కణములు పగిలినచో, అవి బయటపడి కొలత నంతటిని తారుమారు చేయును. రాప్తాడులో మే నెల యెండలో తీసిన రక్తము సుమారు 200 కిలోమీటర్లు బస్సులో పోయి బెంగుళూరు చేరుసరికి ఏమి చెప్పగలదో ఊహింపుడు. నేటికిని మైక్రో ఆర్.ఎన్.ఏ.ను బట్టి ఈ వ్యాధిని నిర్ణయించు పద్ధతి ఆమోదములో లేదు. ఎవరైన అట్టి పరీక్ష పేర సొమ్మడిగినచో ఈయనక్కరలేదు.

అయినను రక్తపరీక్ష యొకటి ఇప్పటికే కలదు, అది వేరొక వ్యాధికి. న్యూరోమైలైటిస్ ఆప్టికా అనునది చూపునకు వెన్నుపామునకు సోకి, మొదట మల్టిపుల్ స్క్లిరోసిస్ వలెనే కనబడును. మన దేశమున ఈ రెండింటికి పొరపాటు పడుట అరుదు కాదు. ఒకదానికిచ్చు మందులు కొన్ని రెండవదానిని ముదురజేయును గనుక ఈ పొరపాటు ప్రమాదము. ఆ వ్యాధిని పట్టియిచ్చు ప్రతిరక్షకమును 2004లో కనుగొనిరి. అక్వాపోరిన్-4 పరీక్ష యని దానికి పేరు. ఈ ప్రతిరక్షకము మైక్రో ఆర్.ఎన్.ఏ. వలె సున్నితము కాదు, ప్రయాణమును ఓర్చుకొనును. కంటిచూపు మందగించి, కాళ్లు పట్టుతప్పి నాడీవైద్యునికడకు పోయినవారు ఆ పరీక్ష చేయించవలయునా యని అడుగవచ్చును. ఏ కన్ను, ఏ దినమున, ఎంతకాలము మసకబారెనో కాగితముపై వ్రాసికొని పోయినచో ఆయన పని సగము తేలికయగును.