లోన్ మీద పోయిన గోన్‌బద్ పిల్లగాడు

మా మనవడికి ఫుట్‌బాల్ పిచ్చి. షోలాపూర్‌లో మన పిల్లలందరూ క్రికెట్ అంటారు, వీడికి ఈ కాలి బంతి ఎక్కడ అంటుకుందో తెలియదు. రాత్రి పన్నెండు దాటినా ఫోన్ ముందేసుకుని కూర్చుంటాడు. మొన్న అడిగాడు: "తాతా, ఈ ప్లేయర్‌ని లోన్ మీద ఇచ్చిండ్రట. మనిషిని లోన్ ఎట్ల ఇస్తరే?"

నాకు తెలిసిన లోన్లు రెండే. సాంచాలు కొనడానికి బ్యాంకువాడు ఇచ్చేది ఒకటి, పిల్ల పెండ్లికి సావుకారి ఇచ్చేది ఒకటి. మనిషిని లోన్ ఇచ్చుడు నేనూ వినలేదు. చెప్పరా అంటే వాడే చెప్పుకొచ్చాడు. ఆటగాడికి క్లబ్బుతో మూడేండ్లో నాలుగేండ్లో ఒప్పందం ఉంటుంది. అతనికంటే మంచి ఆటగాళ్ళు జట్టులో ఉంటే ఇతనికి ఆట దొరకదు. ఊరికే కూర్చోబెట్టి పగార్ ఇచ్చే బదులు ఇంకో క్లబ్బుకు ఆరు నెలలకో ఏడాదికో పంపుతారు. పగార్ అంతానో సగమో ఆ క్లబ్బే ఇస్తుంది. గడువు తీరితే తిరిగి రావాలి. నచ్చితే కొనుక్కుంటామని కొందరు ముందే కాగితం మీద రాసుకుంటారు.

"అరే, ఇది మన బద్లీ కదరా!" అన్నాను.

ఈ పత్రిక చదివే పెద్దలకు బద్లీ సంగతి చెప్పక్కర లేదు. పిల్లల కోసం రాస్తున్నా. నేను 1976లో మిల్లు గేటు దగ్గర నిలబడ్డప్పుడు నా చేతిలో బద్లీ కార్డు ఉండె. భోంగా మోగకముందే పోయి నిలబడాలి. పర్మనెంట్ మనిషి రాకపోతే ఆ పాళీకి నన్ను లోపలికి పిలుస్తారు, వస్తే ఇంటికి తిరిగి నడక. అట్ల ఐదేండ్లు. ఇంటికి వచ్చి అమ్మకు "ఈ రోజు పని లేదు" అని చెప్పిన రోజులు ఎన్నో లెక్క పెట్టలేదు.

తర్వాత ఆలోచిస్తే ఒక తేడా కనిపించింది. బద్లీవానికి ఖాతాలో పేరే లేదు. లోన్ ఆటగాడికి పేరు ఉంది, పగార్ కూడా ఉంది, చోటు లేదు. ఏది మేలు అంటే పగార్ ఉన్నదే మేలు అంటా నేను. కానీ ఇరవై ఏండ్ల పిల్లగాడికి ఆడకుండా కూర్చునుడు కూడా చిన్న బాధ కాదు.

మనవడు నాకు ఒక ఇరాన్ పిల్లగాడి కథ చూపించాడు. పేరు సర్దార్ అజ్మూన్. 1995 జనవరి 1న పుట్టాడు. ఊరు గోన్‌బద్-ఎ-కావూస్, ఇరాన్‌కు ఈశాన్యం దిక్కున, తుర్క్‌మెన్ జనం ఉండే ఊరు. ఆ ఊరి నడుమ 1006లో కట్టిన ఇటుక గోపురం ఉంది, 53 మీటర్ల ఎత్తు. ఫోటో చూస్తే అచ్చం మిల్లు చిమ్నీ అనుకున్నా. కాదట, ఒక రాజు సమాధి అట. అక్కడి ఆడవాళ్ళు తివాచీలు నేస్తారు. మగ్గం నిలబెట్టరు, నేల మీదే పరుస్తారు, ఒక్కొక్క ముడి చేత్తోనే వేస్తారు. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఆ ఊరు కొంచెం దగ్గర అయింది.

తండ్రి ఖలీల్ వాలీబాల్‌లో పేరున్న మనిషి, దేశం తరఫున ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు. ఆ ఊళ్ళో వాలీబాల్ అంటే ప్రాణం, గుర్రాలు అంటే ఇంకో ప్రాణం. కొడుకు కూడా చిన్నప్పుడు వాలీబాల్ ఆడాడు. ఎగిరి తలతో బంతి కొట్టే నేర్పు అక్కడి నుండే వచ్చి ఉంటుందని నా లెక్క. తర్వాత ఇస్ఫహాన్‌లోని సెపాహాన్ క్లబ్బులో చేరాడు. ఇస్ఫహాన్ కూడా ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరే. అక్కడ పెద్దల జట్టులో ఇంకా నిలదొక్కుకోకముందే, 2013 జనవరిలో, 18 ఏండ్లకు రష్యాలోని రూబిన్ కజాన్ క్లబ్బు తీసుకుపోయింది. కజాన్ వోల్గా నది ఒడ్డున ఉంది. చలికాలంలో నది గడ్డకట్టే ఊరు. భాష రాదు, తిండి వేరు.

ఒక్క ధైర్యం ఉండె. అక్కడి కోచ్ కుర్బాన్ బెర్దియేవ్ కూడా తుర్క్‌మెన్ గడ్డ వాడే, అష్గాబాద్‌లో పుట్టినవాడు. ఆట జరుగుతుంటే చేతిలో తస్బీ తిప్పుకుంటూ కూర్చుంటాడు, అరవడు. మన కాలంలో జాబర్ మన ఊరోడైతే మిల్లులో ఎంత ధైర్యం ఉండెనో గుర్తు తెచ్చుకోండి.

ఆ ధైర్యం ఏడాది కూడా నిలవలేదు. 2013 డిసెంబరులో బెర్దియేవ్‌ను క్లబ్బు తీసేసింది. జాబర్ పోతే అతను పెట్టిన మనుషుల గతి ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. పిల్లగాడికి ఆట తగ్గుతూ వచ్చింది. 2014 ప్రపంచ కప్పుకు ఇరాన్ కడపటి జాబితాలో కూడా పేరు రాలేదు.

ఏడాది ఖాళీగా ఉన్న బెర్దియేవ్ 2014 డిసెంబరులో రోస్తోవ్ అనే క్లబ్బుకు కోచ్ అయ్యాడు. డాన్ నది ఒడ్డున, రష్యా దక్షిణాన ఉంటుంది ఆ ఊరు. జట్టు పట్టికలో అడుగున ఉంది. కొత్త ఏడాది రాగానే ఆయన అడిగింది ఈ పిల్లగాడినే. 2015 మొదట్లో అజ్మూన్ లోన్ మీద అక్కడికి పోయాడు. పెద్ద క్లబ్బు నుండి మునిగే క్లబ్బుకు పంపడం అంటే చూసేవాళ్ళకు పైనుండి కిందికి పడ్డట్టే. ఆ సీజన్ రోస్తోవ్ కింది డివిజన్‌కు పడిపోకుండా కడపటి ప్లేఆఫ్ మ్యాచుల్లో బయటపడింది.

ఆ తర్వాతి సీజన్ సంగతి మా మనవడు మూడుసార్లు చెప్పించుకున్నాడు. క్లబ్బు దగ్గర డబ్బు లేదు. ఆటగాళ్ళకు నెలల తరబడి పగార్ రాలేదు. పగార్ రాని నెల ఇంట్లో ఎట్లుంటదో నాకు తెలుసు, అందుకే ఈ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఆడము అనవచ్చు కదా వాళ్ళు? ఆడారు. 2016 వేసవి వచ్చేసరికి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం సీఎస్‌కేఏ మాస్కోది, 65 పాయింట్లు. వీళ్ళవి 63. అందులో లోన్ మీద వచ్చిన గోన్‌బద్ పిల్లగాడు ముందు వరుసలో ఆడేవాడు.

ఇక తగువు మొదలైంది. మా పిల్లగాడు మాకు కావాలి అంది రూబిన్. కొనుక్కునే హక్కు మాకు కాగితం మీద ఉంది అంది రోస్తోవ్. కొన్నాళ్ళ కింద ఎవరికీ అక్కర లేని మనిషి కోసం రెండు క్లబ్బులు కొట్లాడుకున్నాయి. చివరికి ఆ సీజన్ రోస్తోవ్‌లోనే ఆడాడు.

యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లోకి రోస్తోవ్ అప్పుడే మొదటిసారి వచ్చింది. హాలండ్ జట్టు అజాక్స్‌ను 4-1తో ఓడించి లోపలికి పోయింది, మొదటి గోల్ అజ్మూన్‌ది. సెప్టెంబరులో జర్మనీ జట్టు బయెర్న్ మ్యూనిక్ ఇంటికి పోతే 5-0తో ఓడి వచ్చారు. నవంబరు మొదట్లో మాడ్రిడ్ వెళ్ళి అట్లెటికో మీద అజ్మూన్ ఒక గోల్ కొట్టినా 2-1తో ఓడారు. నవంబరు 23న బయెర్న్ వీళ్ళ ఊరికి వచ్చింది. చలి, పదిహేను వేల మంది పట్టే చిన్న స్టేడియం. ముందు బయెర్న్‌దే గోల్. మొదటి సగం అయిపోయే ముందు అజ్మూన్ సమం చేశాడు. ఆఖరుకు రోస్తోవ్ 3-2తో గెలిచింది. మనవడు ఆ గోల్ ఫోన్‌లో పెట్టి చూపించాడు. ఆట నాకు అంత అర్థం కాలేదు కానీ గోల్ కొట్టినాక ఆ పిల్లగాడి ముఖం చూశాను.

2017లో బెర్దియేవ్ తిరిగి రూబిన్ కోచ్ అయ్యాడు, వెంట అజ్మూనూ తిరిగి పోయాడు. ఇది చదివి నవ్వుకున్నా.

అంతా మంచే జరిగింది అనుకోకండి. 2018 ప్రపంచ కప్పులో అతను గోల్ కొట్టలేదు. ఇరాన్ మొదటి దశలోనే ఇంటికి వచ్చింది. సొంత దేశం వాళ్ళే నోటికొచ్చినట్టు తిట్టారు. తల్లి అప్పటికే జబ్బుమనిషి, కోలుకుంటున్నదల్లా ఈ తిట్లతో మళ్ళీ కుంగిపోయిందని, తల్లా జట్టా అంటే తల్లినే ఎంచుకుంటున్నానని చెప్పి 23 ఏండ్లకే దేశం జట్టు నుండి తప్పుకున్నాడు. కొన్ని నెలలకు మనసు మార్చుకుని వచ్చాడు. 2019 ఆసియా కప్పులో 4 గోల్స్ కొట్టాడు. కానీ ఆ తిట్టినవాళ్ళు ఏం పొందారో నాకు అర్థం కాదు. మన బస్తీ పిల్లలు కూడా ఫోన్‌లో ఆటగాళ్ళను తిడుతుంటారు. వాళ్ళకూ అమ్మలు ఉంటారు కదరా.

ఆ జట్టు గోల్‌కీపర్ అలీరెజా బీరాన్‌వంద్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. గొర్రెలు కాచే సంచార కుటుంబం. తండ్రికి ఫుట్‌బాల్ ఇష్టం లేక ఇల్లు వదిలి టెహ్రాన్ పారిపోయాడు. క్లబ్బు గేటు ముందు పడుకున్నాడు. పొట్టకోసం బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేశాడు, కార్లు కడిగాడు. 2018 ప్రపంచ కప్పులో రొనాల్డో కొట్టిన పెనాల్టీని ఆపింది ఇతనే. ఇతన్నీ 2021లో బెల్జియం క్లబ్బు పోర్చుగల్‌కు లోన్ మీద పంపింది. గేటు ముందు పడుకున్నవాడికి లోన్ ఏమంత కష్టం అనిపించి ఉంటుంది!

అయితే లోన్ మీద పోయినవాళ్ళందరి కథ ఇట్లనే ఉండదు. పెద్ద క్లబ్బులు ముప్పై, నలభై మంది పిల్లలను కొని, ఏటా ఒక్కో ఊరికి పంపుతూ తమ జట్టులో ఒక్క ఆట కూడా ఆడించకుండా అమ్మేసిన రోజులు ఉన్నాయి. ఏటా కొత్త ఇల్లు, కొత్త భాష. అందుకే ఫిఫా 2022 నుండి కట్టడి పెట్టింది. లోన్ ఏడాదికి మించకూడదు, లోన్ మీద వచ్చినవాణ్ణి మళ్ళీ ఇంకొకరికి లోన్ ఇవ్వకూడదు. 2024 నుండి ఒక క్లబ్బు విదేశాలకు ఆరుగురినే పంపాలి, ఆరుగురినే తెచ్చుకోవాలి. 21 ఏండ్లలోపు సొంత పిల్లలకు ఈ లెక్క వర్తించదు. బద్లీవానికి ఇట్లాంటి లెక్క ఎవరైనా మొదట్లోనే పెట్టి ఉంటే బాగుండె.

అజ్మూన్ 2019లో జెనిత్ క్లబ్బుకు పోయి లీగ్ కప్పులు గెలిచాడు. 2019-20లో 17 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టిన ఇద్దరిలో ఒకడయ్యాడు. తర్వాత జర్మనీ. అక్కడి నుండి 2023లో మళ్ళీ లోన్, ఈసారి ఇటలీలోని రోమా. అప్పటికి 28 ఏండ్లు. చాలా మ్యాచుల్లో ఆఖరున దించేవాళ్ళు. వాళ్ళు కొనుక్కోలేదు. లోన్ రెండుసార్లు ఒకే తీరుగా పని చేయదు మరి, అడిగి తెచ్చుకునే బెర్దియేవ్ అక్కడ లేడు.

2024లో దుబాయ్ చేరాడు, షబాబ్ అల్ అహ్లీ క్లబ్బుకు. దుబాయ్ అనగానే నాకు మా చెల్లెలి కొడుకు గుర్తొచ్చాడు. రెండేండ్ల కాంట్రాక్టు మీద అక్కడే ఉన్నాడు. ఫోన్ చేసి "ఒకరోజు స్టేడియంకు పోయి ఆ పిల్లగాణ్ణి చూసి రారా, నీ కొడుకుకు చెప్తా" అన్నాను.

"మామా, ఆట రాత్రి ఉంటది. నాకు రాత్రి డ్యూటీ" అన్నాడు. ఎవరైనా బద్లీ దొరికితే పోతా అన్నాడు.