మిరప సరఫరా గొలుసుపై సాహిత్య సమీక్ష: మారిన పేర్ల వెనుక దాగిన పూర్వ పరిశోధన

సత్తెనపల్లి ప్రాంతపు మిరప సరఫరా గొలుసుపై పరిశోధన చేపట్టే విద్యార్థి గ్రంథాలయ కంప్యూటరులో ‘పల్నాడు’, ‘మిరప’, ‘సరఫరా గొలుసు’ అనే మాటలతో వెదకడం సహజం. ఫలితాలు స్వల్పంగా కనిపించగానే ‘ఈ ప్రాంతంపై పూర్వ పరిశోధన లేదు’ అని సమీక్షాధ్యాయంలో రాయడం తేలిక. లోపం మాత్రం తరచుగా వెదికిన మాటల్లోనే ఉంటుంది.

మారిన పేర్లు

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు సత్తెనపల్లి గుంటూరు జిల్లాలో భాగం. కనుక అప్పటి అధ్యయనాలను గుంటూరు పేరుతో వెదకాలి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తరువాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందింది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట మరో విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాత సిద్ధాంత గ్రంథాల కోసం ఈ పేర్లన్నిటినీ పరిశీలించాలి.

విషయ పదాలదీ ఇదే స్థితి. ‘సప్లై చైన్ మేనేజ్‌మెంట్’ అనే పదబంధం 1980ల నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. వ్యవసాయ ఆర్థికవేత్తలు అంతకుముందు నుంచే ఈ అంశాలను ‘మార్కెటింగ్ ఛానెల్స్’, ‘ప్రైస్ స్ప్రెడ్’ అనే శీర్షికల కింద అధ్యయనం చేశారు. మిరపను సైతం ‘చిల్లీ’, ‘రెడ్ పెప్పర్’, ‘కాప్సికం ఆన్యుయం’ అనే పేర్లతో వెదకాలి. సమానార్థక పదాలను గుర్తించడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రూపొందించిన బహుభాషా పదకోశం ‘ఆగ్రోవాక్’ తోడ్పడుతుంది.

వెదకవలసిన చోట్లు

వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు ‘కృషికోశ్’, ఇతర విశ్వవిద్యాలయాల వాణిజ్య, ఆర్థికశాస్త్ర గ్రంథాలకు ‘శోధ్‌గంగ’, పరిశోధన పత్రికలకు ‘సెరా’, అంతర్జాతీయ సూచికకు ‘ఆగ్రిస్’ ఉపకరిస్తాయి. ఆర్థికశాస్త్రంతోనే ఆగరాదు. కల్లాల్లో ఆరబెట్టే దశలో తేమ నిలిస్తే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ చేరవచ్చు. అది ఎగుమతిని నిర్ణయించే అంశం. ఆ సమాచారం ఆహార శాస్త్ర పత్రికల్లో లభిస్తుంది.

పోల్చి చదవడం

వ్యాసాల సారాంశాలను వరుసగా పేర్చినంత మాత్రాన సమీక్ష కాదు. ప్రతి అధ్యయనానికీ సంవత్సరం, ప్రాంతం, నమూనా పరిమాణం, అమ్మకపు మార్గం, లెక్కించిన ధర అనే అంశాలతో పట్టిక తయారుచేయాలి. వినియోగదారుని రూపాయిలో రైతు వాటాపై రెండు అధ్యయనాలు విభేదిస్తే, ఒకదానిలో రైతు కోసిన వెంటనే గుంటూరు యార్డులో అమ్మి, మరొకదానిలో శీతల గిడ్డంగిలో నిల్వ చేసి అమ్మి ఉండవచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ ఏటి దిగుబడి, ధరలను సాధారణ సంవత్సరపు లెక్కలతో కలిపితే నిర్ధారణ తప్పుతుంది.

వెదికిన పదాలు, వేదికలు, తేదీలు నమోదు చేస్తే తరువాతి విద్యార్థి ఆ శోధనను సరిచూడగలడు. సమీక్ష లోపిస్తే అవే గ్రామాల రైతులు అవే ప్రశ్నావళికి మళ్ళీ సమాధానం చెప్పవలసి వస్తుంది. అంతకుమించి, ఎప్పుడు అమ్మాలి, ఎంతకాలం నిల్వ చేయాలి అన్న విస్తరణ సలహా అసంపూర్ణ ఆధారంపై నిలుస్తుంది. దాని నష్టాన్ని భరించేది రైతే.