జంట గొంతుల జానపదము

రోకటిపాటకు రోలును రోకలియు కావలెను. నాట్లపాటకు బురదమడియు, వంగిన నడుములును కావలెను. జోలపాటకు నిద్రపోని పసిబిడ్డ కావలెను. ఇవేవియు లేకుండ పాట యొక్కటియే గ్రామఫోను రికార్డు మీదికెక్కి మన యింటికి వచ్చినప్పుడు, పనిలేక కుర్చీలో కూర్చుండి వినెడి మనకు అది యేల యింపుగావలెను? నీటినుండి తీసిన చేపవలె విలవిలలాడి పోవలసినది గదా! కాని పోలేదు. వింజమూరి అనసూయ, సీత అను అక్కచెల్లెండ్రు పాడిన పల్లెపదములను నేటికిని వినువారున్నారు. లక్కతో చేసిన రికార్డుల కాలము గతించినది. కాసెట్టులు వచ్చినవి, అవియు పోయినవి. నేడు ఆ పాటలు చేతిలోని ఫోనులో వినబడుచున్నవి. సాధనములు మారిన కొలదిని పాట పలుచబడలేదు. కారణమేమో ఆలోచింపవలసియున్నది, పిల్లలకు తెలుగు పాఠము చెప్పువారు మరింతగా ఆలోచింపవలసియున్నది.

అనసూయాదేవిగారు 1920లో కాకినాడలో జన్మించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆమెకు మేనమామ. ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆమె గొంతు రికార్డు కెక్కినదని చెప్పుదురు. శాస్త్రీయ సంగీతము నేర్చి, హార్మోనియము ముందుంచుకొని, ఒకవంక మేనమామగారి భావగీతములను, మరొకవంక కూలినాలి జనము పాడుకొను పదములను చెల్లెలితో గూడి సభలలో వినిపించిరి. 1938లో మద్రాసున రేడియో కేంద్రము వెలసిన పిమ్మట రేడియోలోను ఆ గొంతులు వినబడినవి. పల్లెపదము వేదిక నెక్కుటయే వింతగా నుండిన దినములవి. కచ్చేరి ముగియు వేళ తుకడాగానైనను దానికి చోటు దొరకుట కష్టము. అట్టి పదములనే పనిగట్టుకొని సేకరించి, సభవారిచే ఔననిపించుట సామాన్యమైన పని కాదు. అనసూయగారి చివరి దినములు అమెరికాలో గడచినవి. 2019లో హ్యూస్టన్ నగరమున ఆమె కన్నుమూసిరి.

వారి జీవిత విశేషములు మరియొకప్పుడు. నేను చెప్పదలచినది ఒక్క విషయము. వారు ఇద్దరు. ఆ రికార్డుల ఆకర్షణలో సగపాలు ఈ ఇద్దరగుటలోనే యున్నదని నా నమ్మకము.

జానపద గేయము ఏకాంత గానము కాదు. జోలపాటవంటి వానిని విడిచినచో, తక్కినవానిలో పెక్కులు ఒకరు చెప్ప పదుగురు అందుకొనునవియే. మా గజపతినగరము చుట్టుపట్ల, బొండపల్లి మెంటాడల వైపున, నాట్ల దినములలో ఒక పెద్దామె చరణమెత్తుకొనెడిది. వరుసలోని ఆడువారెల్ల ఆ చరణపు తుదిని పట్టుకొని తిరుగ చెప్పెడివారు. తప్పెటగుళ్ళు చూచినవారికి ఈ సంగతి మరింత తేటగా తెలియును. పదునైదు, ఇరువదిమంది రొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని, కాళ్ళ గజ్జెలతో వలయముగా తిరుగుచు పాడుదురు. నాయకుడొక పాదము ననును. దళమంతయు దానినే మరల ననుచు తప్పెట చరచును. జముకులకథ యందును ఇదియే తీరు. జముకు అనగా గుండ్రని డొల్ల. ఒకవంక తోలు బిగించి, ఆ తోలు నడుమనుండి లాగిన తీగను మీటుదురు. గుటక వేసినట్లు లేచి పడుచుండు ఆ మ్రోత నడుమ ప్రధాన కథకుడు చెప్పును, ప్రక్కవారు వంత పాడుదురు. గ్రామదేవత పండుగలలో ఎల్లమ్మ కథ ఈ వంత మీదనే తెల్లవార్లు నడచెడిది.

ఈ వంత అలంకారము కాదు. చెప్పువారికి ఊపిరి తీసికొనుటకు వ్యవధి నిచ్చునది అది. తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనుటకును, జ్ఞప్తికి రాకున్న అప్పటికప్పుడు కట్టుటకును వ్యవధి నిచ్చునదియు అదియే. అక్షరము రాని స్త్రీలు నూరు చరణముల పాటను గ్రంథము లేకుండ నిలుపుకొన్న రహస్యము ఇక్కడ నున్నది.

రోకటిపాటలో ఈ వంత చేతులలోనికే దిగినది. ఒక్క రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్ళతో దంచునప్పుడు, ఒకరి రోకలి లేచు క్షణమున రెండవవారిది దిగవలెను. లయ తప్పినచో రోకలికి రోకలి తగులును. ‘సువ్వి’ యను శబ్దము దిగు రోకలితో పాటు రొమ్ములోనుండి వెడలు ఊపిరియే యని నాకు తోచును. ఛందస్సు చదువుకొను విద్యార్థులకు తరువోజ తెలిసినదే. మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మరల మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. అనగా ఒక్క పాదములో రెండు ద్విపద పాదములు. అది రోకటిపాటకు తగిన ఛందస్సని పెద్దలు చెప్పిరి. పాదములో రెండు సమభాగములు, రోటిలో రెండు రోకళ్ళు! క్రీ.శ. 848 ప్రాంతమునాటి పండరంగని అద్దంకి శాసనములోని పద్యము తరువోజయే. తెలుగు పద్యము తొలిసారి రాతికెక్కిన దినములలోనే రోటి నడక దానిలో నున్నదన్నమాట. గణములు విడదీసి మార్కులు తెచ్చుకొనువారిలో ఎందరు దానిని చెవితో విన్నారో!

వినుటకు పుస్తకము చాలదు. నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు మొదలగు పెద్దలు ఊరూర తిరిగి పాటలు సేకరించి ప్రకటింపకున్న మనకు దిక్కే లేకపోయెడిది. అయినను అచ్చులో పల్లవి ఒక్కసారియే కనబడును. తరువాతి చరణములకు చివర రెండు నిలువుగీతల నడుమ దాని మొదటిమాట మాత్రము వేయుదురు. కాగితమును పొదుపు చేయుటకు అది తగినదే. పదుగురి గొంతు మాత్రము అచ్చట రెండు గీతలైపోయినది. పిల్లలు వానిని చూచి దాటిపోవుదురు.

రికార్డు ఆ గీతలకు మరల ప్రాణము పోయగలదు. కాని దాని చిక్కులు దానికున్నవి. ఆ కాలపు రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ఒక ప్రక్కకు పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. నాట్లపాట మడి ముగియువరకు సాగును. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధపు కథను మూడు నిమిషములలో చెప్పుమన్న ఏ జంగము ఒప్పుకొనును? కాబట్టి పాటను కత్తిరింపక తప్పలేదు. ఇది పెద్ద దోషమని నేననను. పల్లెలోనైనను పని త్వరగా తెమలిన దినమున పాటయు త్వరగా తెమలును. చరణములు తగ్గినను పాట బ్రదుకును. వంత పోయినచో బ్రదుకదు.

అనసూయ సీతల పాటలో ఆ వంత నిలిచియున్నది. రెండు గొంతులు కలిసియు, విడివడియు నడచునప్పుడు, పాటలో ఎవరో ఒకరికి ఎవరో ఒకరు జవాబు చెప్పుచున్నారను భావము వినువానికి కలుగును. పల్లవి మూడవమారు వచ్చుసరికి అందుకొను మూడవ గొంతు మనదే యగును. కుర్చీలో కూర్చున్నవాడును వరుసలోని కూలివాడగును. ఆ గొంతులు చదువుకొన్న గొంతులు. శ్రుతి శుద్ధముగా నుండును, బురదవాసన తక్కువ. మా ప్రాంతపు ‘ఏటి’, ‘ఒలె’, ‘గుంట’ వంటి మాటల సొగసు వారినుండి ఆశింపరాదు. వారు గోదావరి సీమవారు. అయినను సంగీతము నేర్చినవారు సంగతులు వేయక, నాలుగైదు స్వరములలో తిరుగు వరుసను ఆ నాలుగైదు స్వరములలోనే ఉంచి పాడుట గొప్ప నిగ్రహము.

తరువాతి కాలమున కాసెట్టులు, సి.డి.లు వచ్చి కాలపరిమితి సడలినది. చరణములు పెరిగినవి. కాని చరణమునకు చరణమునకు నడుమ వంతకై విడిచిన చోటును వాద్యములతో నింపివేసిరి. వినువాడు నోరు తెరచులోపల కీబోర్డు జవాబు చెప్పివేయును. అట్టి పాటలు కాలు కదిలించును గాని నోరు కదిలింపవు. దీనికి భిన్నముగా, మా పార్వతీపురము చేరువ పెదబొండపల్లిలో 1943లో పుట్టి 2020లో గతించిన వంగపండు ప్రసాదరావు ఈ మర్మమును చక్కగా నెరిగినవాడు. ఆయన పాత పదములు పాడినవాడు కాడు, తన పాటలు తాను కట్టినవాడు. అయినను ఈ ప్రాంతపు వరుసలను, మాటతీరును విడువలేదు, జనము అందుకొనుటకు చోటు విడుచుట మరువలేదు. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారును ఆయన పల్లవిని అందుకొనిరి.

పాట ఎవరిదను ప్రశ్న యొకటి మిగిలియున్నది. రికార్డు నడుమ అంటించిన కాగితముపై పాడినవారి పేరుండును. చరణముపై చరణము చేర్చుకొనుచు వచ్చిన స్త్రీల పేర్లు అందులో పట్టవు. ఉన్నను మనకు తెలియవు. దీనికి విపరీతమును జరిగినది. ‘మొక్కజొన్న తోటలో’ పాటను వ్రాసినది కొనకళ్ళ వెంకటరత్నముగారు. దానిని పేరులేని జానపదమనుకొని పాడుకొన్నవారు ఎందరో. కవికి అది నష్టమో సన్మానమో నేను తేల్చిచెప్పలేను. పాఠము చెప్పునప్పుడు మాత్రము ఆయన పేరు చెప్పి తీరవలెను.

రికార్డు వలన కలుగు అసలైన భయము వేరు. ఊరికొక తీరుగా నున్న పాట రికార్డు కెక్కిన పిమ్మట, ఎక్కిన తీరే సరియైనదను భ్రమ పుట్టును. ఆ మధ్య మా తరగతిలో ఒక పాత దంపుళ్ళపాటను వినిపించితిని. పల్లవి రెండుమార్లు తిరుగగానే పిల్లలు, ఎవరును చెప్పకయే, అందుకొనిరి. పాట ముగిసిన పిమ్మట ఒక బాలిక లేచి, తన నాయనమ్మ దీనిని ఇట్లు పాడదని, ఆమె పాటలో మరదలికి బదులు ఆడబడుచు వచ్చునని చెప్పినది. ‘అట్లయిన అది తప్పుపాటయా?’ యని వెనుక బల్లనుండి ఒకడు అడిగెను. తప్పు కాదని చెప్పి, నాయనమ్మ పాటను వ్రాసికొని రమ్మంటిని.

వారము దినముల తరువాత ఆ బాలిక వట్టి చేతులతో వచ్చినది. ముసలామె ఒంటరిగా పాడుటకు ఒప్పుకొనలేదట. “ఒక్కదాన్నీ ఏటి పాడతానే గుంటా? నువ్వు అందుకుంటే గదా నాకు తరవాతది గేపకమొచ్చీది!” అన్నదట. ఆ సాయంకాలము నాయనమ్మ చెప్ప, మనుమరాలు అందుకొనగా, పదునాలుగు చరణములు వచ్చినవట. అందుకొను పనిలోపడి ఒక్కటియు వ్రాసికొనలేదు.