ప్యారీ యను పేరు

చెన్నపట్టణమున రేవుచెంత నున్న ప్యారీసు కార్నరు నెరుగని యాంధ్రులు తక్కువ. ఆ పేరు థామస్ ప్యారీ యను వర్తకునిది. అతడు 1788లో ఈ పట్టణమునకు వచ్చి వ్యాపారము సాగించి, 1824లో విషూచిచే మరణించెను. అతని పేర వెలసిన సంస్థ 1842లో నెల్లికుప్పమున చక్కెర పరిశ్రమను నెలకొల్పెను. పిల్లల మిఠాయిలకును, స్నానపు గదులలోని పింగాణి సామగ్రికిని సైతము తరువాత ఆ పేరే చెల్లెను.

ఆ యింటిపేరు గల ప్రసిద్ధులు మరికొందరు కలరు. విలియం ఎడ్వర్డు ప్యారీ 1827లో మంచుపై పయనించి 82 డిగ్రీల 45 నిమిషముల ఉత్తరాక్షాంశమును చేరెను; సుమారు అర్ధశతాబ్దము వరకు అంతకు మించి పోయినవారు లేరు. హ్యూబర్టు ప్యారీ 1916లో బ్లేకు కవి పద్యమునకు స్వరము కూర్చెను. "జెరూసలెం" అను ఆ గీతము ఆంగ్లేయులకు జాతీయగీతప్రాయము.

అయినను ఈ పేరు పుట్టినది వేల్సు దేశమున. అచటి భాషలో "ఆప్" అనగా కుమారుడు. "ఆప్ హ్యారీ" యనునదే కలిసిపోయి ప్యారీ యైనది. "ఆప్ రీస్" ప్రైస్ అయినట్లే. పూర్వము వేల్సువారు తండ్రితాతల పేర్లు వరుసగా చెప్పుకొనెడివారు. స్థిరమైన యింటిపేర్లు వారికి అరుదు. 1536, 1543 సంవత్సరముల శాసనములచే ఆ దేశము ఇంగ్లండున లీనము చేయబడి, న్యాయస్థానములందు ఆంగ్లమే రాజభాష యయ్యెను. ఇంటిపేర్లును క్రమముగా ఆంగ్లపద్ధతికి ఒదిగెను. స్వదేశమున పరభాషకు లోబడి రూపుమారిన పేరే, మన దేశమున దొరతనపు గురుతై నిలిచినది!

1981లో ఈ సంస్థ మురుగప్ప వర్గమువారి వశమైనది. పేరు మాత్రము మారలేదు. ఆ కూడలియందు కలియు వీధులకు నేతాజీ బోసు పేరును, రాజాజీ పేరును పెట్టిరి. జనులు నేటికిని ప్యారీసు అనియే అందురు. దానిని తుడిచివేయవలెనని మేము కోరము. ఫలకము మార్చిన మాత్రమున వాడుక మారదు. కాని చెన్నపట్టణమునకు పేరిచ్చినవాడని ప్రసిద్ధి కన్న దామర్ల చెన్నప్ప నాయకుని గూర్చి మన పిల్లలలో ఎందరికి తెలియును? 1639లో ఆంగ్లేయులకు ఈ తీరభూమి నొసగినవారు అతని పుత్రులే. వర్తకుని పేరు నిలుపుకొనుటకు ధనమున్నది. నాయకుని పేరును నిలుపవలసినది మన పాఠశాలలు. చెరకు పండించి ఆ మిల్లులను నడిపించిన రైతుల ప్రస్తావన యైనను ఆ పాఠములలో నుండవలెను.