ఈ పుస్తకం ఎన్నో తరగతి పిల్లలది?

పిల్లల పుస్తకం ఎంత కష్టమో కొలవడం అమెరికాలో నూరేళ్ల కిందట మాటలు లెక్కపెట్టడంతో మొదలైంది. ఏ ఇంగ్లీషు మాట అచ్చులో ఎంత తరచుగా కనిపిస్తుందో చూసి, ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1921లో పదివేల మాటల జాబితా వేశాడు. తరచుగా కనబడే మాట తేలిక, అరుదైన మాట కష్టం. ఈ నమ్మకం మీదే 1923లో మొదటి సూత్రం పుట్టింది.

షికాగో దగ్గర విన్నెట్కా అనే ఊళ్లో బడుల అధికారి కార్ల్‌టన్ వాష్‌బర్న్, ఆయనతో కలిసి పనిచేసిన మేబెల్ వోగెల్ నేరుగా పిల్లల్నే అడిగారు. దాదాపు 37 వేలమంది తాము చదివి ఇష్టపడ్డ పుస్తకాల పేర్లు చెప్పారు. కనీసం 25 మందికి నచ్చిన 700 పుస్తకాలతో 1926లో జాబితా అచ్చయింది. ఒక పుస్తకం నచ్చినవాళ్లంతా సగటున ఎంత చదవగలరో చూసి ఆ పుస్తకానికి స్థాయి కట్టారు. తర్వాత వచ్చిన సూత్రాలన్నిటికన్నా ఈ పద్ధతి మీదే నాకు గౌరవం ఎక్కువ. పుస్తకం నచ్చిందా అని పిల్లల్ని అడిగిన కొలత మళ్లీ అంత పెద్ద ఎత్తున నాకు కనబడలేదు.

మాటల లెక్క కథలు రాయడంలోకీ వచ్చింది. పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ రాసిన ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ (1957)లో ఉన్న వేర్వేరు మాటలు 236 మాత్రమే. బడి వాచకాలు చప్పగా ఉన్నాయని 1954లో రచయిత జాన్ హెర్సీ లైఫ్ పత్రికలో విమర్శించాక, ఒక ప్రచురణకర్త ఆరేడేళ్ల పిల్లలకు తెలిసిన మాటల జాబితా స్యూస్ చేతిలో పెట్టి, వాటితోనే కథ రాయమన్నాడు. ఆ తర్వాత యాభై మాటలతో పుస్తకం రాయలేవని మరో ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ పందెం కాశాడు. 1960లో ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హ్యామ్’ సరిగ్గా 50 మాటలతో వచ్చింది. వాటిలో 49 మాటలకు ఒక్కొక్క సిలబులే!

నాజీల బారినుంచి తప్పించుకుని వియన్నా వదిలి అమెరికా చేరిన రుడాల్ఫ్ ఫ్లెష్ పాఠం ఎంత తేలికో కొలవడానికి 1948లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. వాక్యానికి సగటున ఎన్ని మాటలో లెక్కవేసి 1.015తో హెచ్చవేయాలి. మాటకు సగటున ఎన్ని సిలబుల్సో చూసి 84.6తో హెచ్చవేయాలి. రెంటినీ 206.835లోంచి తీసేయాలి. మిగిలింది వందకు దగ్గరైతే తేలిక, సున్నాకు దగ్గరైతే కష్టం.

ఈ సూత్రాన్ని తెలుగు మీద పెట్టి చూడండి. ‘వెళ్లలేకపోయిందట’ అని నాలుగేళ్ల పిల్ల కూడా అనేస్తుంది. ఒకే మాట, ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది సిలబుల్స్. ఈ ఒక్క మాటనే వాక్యంగా తీసుకుంటే ఫ్లెష్ లెక్కలో వచ్చేది మైనస్ 471! అదే ‘ధృతి’ రెండక్షరాలే కాబట్టి ఎంతో నయమనిపిస్తుంది. పలకడానికీ, అర్థం చేసుకోవడానికీ పిల్లలు తడబడేది మాత్రం దాని దగ్గరే. విభక్తులూ క్రియలూ మాటకు అతుక్కుపోయే మన భాషకు మన కొలతే కావాలి. మాట పొడవు కన్నా ఒత్తులు, సంయుక్తాక్షరాలు, మాట ఇంట్లో వినబడేదా కాదా అన్నవి ముందు చూడాలి. పెద్దబాలశిక్ష రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అంటూ మెట్లు కట్టింది, నిజమే. కానీ అది అక్షరాలు కూడబలుక్కునే దశ వరకే పనికొస్తుంది.

మళ్లీ ఇంగ్లీషు సంగతికి వస్తే, బడి పుస్తకాలకు ఇన్నో తరగతి అని చెప్పే ఫ్లెష్-కిన్‌కెయిడ్ లెక్క 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారైంది. నావికుల సాంకేతిక పుస్తకాలు తూచడానికి పుట్టినది పిల్లల కథల మీదికి వచ్చింది.

లెక్సైల్ అనే మరో కొలత వాక్యాల పొడవు, మాటల వాడుక చూస్తుంది. దాని ప్రకారం స్టైన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ 680. బొమ్మల హాస్య కథ ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ 950. కరువుతో ఇల్లూ పొలమూ పోగొట్టుకుని వలసపోయే కుటుంబం కథ కన్నా బడిపిల్లాడి డైరీ కష్టమని ఆ అంకె చెబుతోంది. అంకెకు కనబడనిది ఎంత ఉందో చెప్పడానికి ఈ ఒక్క జంట చాలు.

వాక్యాలు తెగ్గొడితే మార్కు మెరుగవుతుంది, పాఠం తేలిక కాదు. ‘వానలు పడలేదు కాబట్టి చెరువు ఎండిపోయింది’ అన్నదాన్ని ‘వానలు పడలేదు. చెరువు ఎండిపోయింది’ అని విడగొట్టారనుకోండి. రెంటికీ ముడి వేసే ‘కాబట్టి’ ఎగిరిపోయింది. ఆ ముడి ఇప్పుడు చదివే పిల్లే వేసుకోవాలి.

చదివేవాళ్లకు ముందే ఏం తెలుసన్నదీ ఈ సూత్రాల లెక్కలోకి రాదు. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించి చదవడానికి ఇచ్చారు. చదువులో వెనకబడ్డా ఆట బాగా తెలిసినవాళ్లు, బాగా చదివినా ఆట తెలియనివాళ్లను పాఠం అర్థం చేసుకోవడంలో మించిపోయారు.

ఏ భాషకైనా పనికొచ్చేది విల్సన్ టేలర్ 1953లో చెప్పిన పద్ధతి. పాఠంలో ప్రతి ఐదో మాటా తీసేసి ఖాళీ వదిలి, పిల్లల్ని పూరించమనడమే. మన ‘ఖాళీలను పూరింపుము’ పిల్లవాడిని పరీక్షిస్తే, ఇది పాఠాన్ని పరీక్షిస్తుంది. ఎక్కువమంది తప్పితే తప్పు పుస్తకానిది.

ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలూ ఉన్నాయి. 250 మాటల్లోపువి ఒకటో స్థాయి, 600 దాకా రెండు, 1500 దాకా మూడు, ఆపైన నాలుగు. అయితే ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది తెలుగులో ఒక్కోసారి ఒకటే అవుతుంది. కాబట్టి తెలుగు కథ కొనేముందో, దించుకునేముందో మాటల సంఖ్యతో ఆగకుండా, ఒక పేజీ పిల్లచేత పైకి చదివించండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. ఐదు వేళ్లూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి మీరే చదివి వినిపించాలి. పేజీకి రెండు మూడు వాక్యాలే ఉండే బొమ్మల కథలకు మాత్రం ఐదు వేళ్లు ఎక్కువ, రెండు చాలు.